పదో మనిషి

మా ఆయన పేరు స్వామిదాసు. చేవెళ్ళల ఆ పేరు చెప్తే ఎవరని అడుగుతరు గని, పీటీ సారు అంటే చిన్న పిల్లలు సుత మా ఇల్లు చూపిస్తుండిరి. బడిల పిల్లలకు ఆటలు నేర్పేటోడు. పొట్టి మనిషి. బాస్కెట్‌బాల్ నేర్పే సారు ఇంత పొట్టిగ ఉన్నడేంది అని కొత్తగ వచ్చిన టీచర్లు నవ్వుతుండిరి. "కింది నుంచి చూస్తేనే ఎవడెంత ఎగురుతున్నడో ఎరుకైతది మేడం" అని ఆయన సుత నవ్వుతుండె.

మాది ముడిమ్యాల. నా పెండ్లినాటికే మా బాపు లేడు. పెండ్లయిన రెండేండ్లకు మమ్ముల కన్న అవ్వ సుత పోయింది. ఇగ తమ్ముడు ఎలీషా ఒక్కడే మిగిలిండు. అప్పుడు వాడు ఐదో తరగతి. పిల్లగాణ్ణి ఎవరు పెట్టుకోవాలె అని మా చిన్నాయనలు వాకిట్ల కూసోని గుసగుసలు పెడుతుంటే, మా ఆయన లేచి వాని బట్టల సంచి తీస్కపోయి స్కూటర్ ముందట పెట్టుకున్నడు. "ఎక్కు బామ్మర్ది, బడికి టైమైతున్నది" అన్నడు. ఆ దినం ఆదివారం. అందరు నవ్విన్రు. వాడు సుత ఏడుపు ఆపి నవ్వి ఎక్కిండు. నేను ఆ మనిషి గురించే రాస్తున్న. రాసేదంత రాసినా ఆ ఆదివారం అబద్ధం గాదు.

ఎలీషా మా ఇంట్ల పెరిగిండు. పెరుగుడంటే మామూలుగ గాదు. పదో తరగతికి వచ్చేసరికి తలుపుల నుంచి వంగి వస్తుండె. ప్యాంటు కింద కుట్టు విప్పి విప్పి, ఇగ విప్పెతందుకు బట్ట లేక వేరే గుడ్డ అతికేదాన్ని. మా ఆయన వెల్డింగు షాపుల ఇనుప రింగు చేయిచ్చి ఇంటెనక గోడకు కొట్టిండు. తెల్లారంగ మొదలు పొద్దుగూకేదాక గోడకు బంతి తాకిన చప్పుడే. పక్కింటి సాయమ్మ వచ్చి, "ఏం శాంతమ్మా, మీ ఇంట్ల పొద్దంత వడ్లు దంచుతున్నరా ఏంది? మా గోడ మీద గడియారం ఆగిపోతున్నది" అనేది. "మా బామ్మర్ది దేశానికి ఆడినంక నీకు కొత్త గడియారం కొనిస్తడులే" అని మా ఆయన లోపలికెల్లి అనేటోడు. "అప్పటిదాక నేనుంటనో లేదో గని గోడైతే ఉండదు" అని ఆమె.

వాడు దేశానికి ఆడలేదు. జిల్లాకు ఆడిండు, రెండుసార్లు రాష్ట్రానికి ఆడిండు. కప్పులు వచ్చినయి, కొలువు రాలే. డిగ్రీ అయినంక చందనవెల్లి దిక్కు ఒక ఫ్యాక్టరీల షిఫ్టు పనికి కుదిరిండు. విజయరాణితోని పెండ్లి చేసినం. మా ఇంటెనక గల్లీలనే కిరాయికి ఉండిరి. ఫ్యాక్టరీల పర్మినెంటు చేస్తమని మాట ఇచ్చిన్రు. వాని సంసారం ఒక దారిల పడ్డదని నేను ఫికర్ ఇడిసిన.

అప్పటికి గచ్చిబౌలి దిక్కు అద్దాల బిల్డింగులు లేచుడు మొదలై చానా ఏండ్లైంది. ఆ సాఫ్ట్‌వేరోళ్ళ పైసల గాలి మా రోడ్డు మీదికి సుత వచ్చింది. శనివారం వచ్చిందంటే మొయినాబాద్ నుంచి మా దాక కార్లే కార్లు. కనకమామిడిల జొన్న చేన్లు ఉన్నకాడ ఫామ్‌హౌసులు లేచినయి. అండ్ల ఒకటి గోవర్ధన్ సారుది. కంపెనీ ఓనరు. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడెటోడట. పైసలు వచ్చినంక ఆ ఆశ మళ్ళ లేచింది. ఫామ్‌హౌసుల మామిడి చెట్లు కొట్టిచ్చి లైట్లతోని కోర్టు కట్టిచ్చిండు. పైసలిచ్చి ఆడిచ్చే లీగు ఒకటి పెడితే, అండ్ల ఒక టీము సుత కొన్నడు.

మొదటి ఏడు ఆ టీము ఆడిన ఆటలన్ని ఓడింది. సీజన్ అయిపోంగనె ఆటగాళ్ళు చెల్లాచెదురైన్రు. నలుగురినే ఉంచుకున్నడు సారు. మిగిలినోళ్ళను వెతికి, మళ్ళ పన్నెండు మందిని నింపాలె. కేరళ నుంచి పెద్ద కోచ్‌ను తెచ్చిండు. ఈ దిక్కు పిల్లలను ఎరిగినోడు ఒకడు కావాలంటే, ఎవరో మా ఆయన పేరు చెప్పిన్రు. ఎండకాలం సెలవుల వరకు వచ్చి పని చెయ్యి, నచ్చితే సీజన్ల సుత టీముతోనే ఉందువు అన్నడు గోవర్ధన్ సారు.

ఆ మాట విన్న దినం మా ఆయన ఇంటికి వచ్చి అన్నం ముందట కూసోని తినకుంటనే ఉన్నడు. "శాంతా, టీము బస్సుల మనకొక సీటు" అన్నడు. అన్నేండ్లు మట్టి గ్రౌండుల సున్నం గీతలు గీసిన మనిషి. నాకు సుత సంబరమైంది.

ఆ పని ఎట్లాంటిదో చెప్పాలె, లేకుంటె తర్వాత జరిగింది సమజ్ కాదు. పెద్ద ఆటగాళ్ళు వేరే రాష్ట్రాలోళ్ళు, రైల్వేలల్ల బ్యాంకులల్ల కొలువులు చేసేటోళ్ళు. సీజన్ దగ్గరికి వస్తే గని దిగరు. అప్పటిదాక ఇక్కడ ఉన్నోళ్ళు ప్రాక్టీసు చెయ్యాలంటే ఎదురుంగ అయిదుగురు నిలబడాలె. ఇటు అయిదు, అటు అయిదు, పదిమంది లేంది ఆటనే లేదు. రోజు పొద్దుగాల ఆ పదిమందిని నిలబెట్టుడే మా ఆయన పని. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి పిల్లలను పట్టుకొచ్చిండు. కొందరు రెండు దినాలు వచ్చి మూడో దినం రాకపోదురు. అట్లైన దినం పెద్ద కోచ్ మా ఆయన మీద మండిపడేది.

ఎలీషా అయితే ఎన్నడు మానడు. ఆ సంగతి మా ఆయనకు ఎరుకే.

మా వంటింట్లనే అడిగిండు వాణ్ణి. నేను రొట్టెలు చేస్తున్న.

"రేపటి నుంచి కనకమామిడి రా. పన్నెండు మందిల నువ్వుంటవు."

"నిజంగనా బావా?"

"ఈ మూడు మండలాలల్ల నీకంటే ఎత్తు ఎవడున్నడురా, తాటిచెట్టు తప్ప?"

"తాటిచెట్టు ఉరకదు గద."

"నువ్వు ఉరుకుతవనా? ముందు ఆ పొట్ట తగ్గియ్యి. ఖాయం అనుకో."

ఖాయం అన్న మాట నేను నా చెవులార విన్న.

ఆ ఎండకాలం ఎలీషా ఎట్ల బతికిండో నేను చూసిన. రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి రాకుంటనే కనకమామిడి పోయేది. పన్నెండు గొట్టంగ వచ్చి, తిని, పడుకొని, మళ్ళ షిఫ్టు. ఒక్కనాడు బస్సుల కన్ను తాకి స్టేజీ దాటి మెహదీపట్నం దాక పోయిండు. "టికెట్ కొట్టిన కండక్టరే లేపిండక్కా. అన్నా, ఇగ ముందట రోడ్డు లేదు అన్నడు" అని చెప్పి నవ్విండు. కండ్లు లోపలికి పోయినయి గని మొహంల వెలుగు ఉండె. కడుపుతోని ఉన్న విజయరాణి సుత, "టీవీల వస్తే బిడ్డకు చూపిస్త, మీ నాయిన గీనే అని" అనేది.

ఒకనాడు సిటీ నుంచి టీము బట్టలకు కొలతలు తీసేటాయన వచ్చిండట. ఉన్నోళ్ళందరివి తీసిండు, ఎలీషాది తీయలేదు. ఆ మాట వాడే చెప్పిండు, సంతోషంతోనే చెప్పిండు. "నాది బావ ముందే చెప్పిండటక్కా. నా కొలత ఆయనకు నోటికొస్తది గద." నేను నమ్మిన. చిన్నప్పటి నుంచి వాని అంగీగుడ్డ కొన్నది ఆయననే గద మరి.

మా చర్చి సంఘంల ఒక పద్ధతున్నది. కొలువు వస్తే, ఇల్లు కట్టుకుంటే ఇంట్ల కృతజ్ఞత కూటం పెట్టి, పదిమందిని పిలిచి, స్తుతించి భోజనం పెడ్తం. మా పాస్టరు ధనరాజు అయ్యగారు ఇంకో మాట చెప్పేది. అందినంక స్తుతించుడు అందరు చేస్తరు, అందకముందే స్తుతించినోనిదే విశ్వాసం అనేది. మా సంఘంల చానామంది ఆ మాట మీదనే నడుస్తరు. పరీక్ష రిజల్టు రాకముందే కూటం పెట్టినోళ్ళున్నరు, వీసా రాకముందే పెట్టినోళ్ళున్నరు. ఎలీషా సుత పెడ్తనన్నడు. మా ఆయన, "ఇంకొన్ని దినాలు కానియ్యరాదు" అన్నడు. "ఎందుకు బావా, ఖాయమే అంటివి గద?" అన్నడు వాడు. "ఖాయమే" అన్నడు మా ఆయన.

టెంటు వేసినం. సంఘమంత వచ్చింది. సాయమ్మ సుత వచ్చింది, ఆమె మా మతం గాకున్న. "ఇగ మీ తమ్ముడు టీవీల పడ్డంక మా దిక్కు చూస్తడా? చూసినా అంత మీదికెల్లి మేం కనవడ్తమా?" అని అందరిని నవ్విచ్చింది. ఎలీషా లేచి సాక్ష్యం చెప్పిండు. తల్లిదండ్రి లేని పిల్లగాణ్ణి అని మొదలుపెట్టిండు. బావ నన్ను స్కూటర్ మీద ఎక్కిచ్చుకున్న దినం నుంచి దేవుడు నన్ను ఎత్తుకున్నడు అన్నడు. ఆఖరుకు, నేను దేవుని మీద ఆధారపడి ఫ్యాక్టరీ పని ఇడిసిపెడుతున్న, రెండు పడవల మీద కాళ్ళు పెట్ట అన్నడు. అందరికంటే గట్టిగ ఆమెన్ అన్నది మా ఆయననే. పాట సుత ఆయననే ఎత్తుకున్నడు.

సోమవారం నాడు ఎలీషా పోయి ఫ్యాక్టరీల కాగితం ఇచ్చి వచ్చిండు.

అటెన్క కొన్ని దినాలకు పెద్ద కోచ్ ఈ దిక్కు వంట తినాలె అన్నడట. నేను జొన్నరొట్టెలు, నాటుకోడి కూర చేసిన. మా ఆయన నన్ను స్కూటర్ మీద కనకమామిడి తీస్కపోయిండు. నేను ఆ కోర్టు చూసుడు అదే మొదలు. ఎర్రగ, నీలంగ నేలకు రంగులేసి అద్దం తీరుగ ఉన్నది. అటు అయిదు, ఇటు అయిదు ఉరుకుతున్నరు. మా ఎలీషా అందరికంటే మీద కనవడుతున్నడు.

పెద్ద కోచ్ మంచిగ మాట్లాడే మనిషి. పక్కన కూసోని రొట్టె తుంచుకుంట హిందీల మాట్లాడిండు. మేము చిన్నప్పటి నుంచి ఉర్దూ వినుకుంట పెరిగినోళ్ళం, అర్థం కాకుంట ఏం లేదు.

"ఆ పొడుగాయన మీ తమ్ముడట గద?"

"అవును సార్."

"అట్లాంటి పిల్లగాణ్ణి నేను చూడలేదమ్మా. సీజన్ల తను లేడని తెలిసి సుత అందరికంటే ముందు వస్తడు. అట్ల ఎవరు కష్టపడ్తరు?"

నేను గిన్నె చేతుల పట్టుకొనే ఉన్న. "లేడా సార్?" అన్న.

"ప్రాక్టీసు వరకే గద. మొదటి దినమే స్వామిదాసుకు చెప్పిన. కాళ్ళు నెమ్మది, వయసు సుత దాటింది. పన్నెండు మంది ఎవరన్నది అప్పుడే అయిపోయింది. మీకు చెప్పలేదా?" అని, నా మొహం చూసి రొట్టె కింద పెట్టిండు. కోర్టుల మా ఆయన ఎలీషా వీపు మీద చెయ్యేసి ఏందో చెప్తుండె, వాడు వంగి వింటుండె.

వచ్చేటప్పుడు స్కూటర్ మీద నేను ఎనుక కూసున్న. ఆయన మొహం నాకు కనవడదు.

"పెద్ద సారు చెప్పింది నిజమేనా?" అన్న.

"ఆయనకు నోరాగదు" అన్నడు.

"మొదటి దినమే చెప్పిండట నీకు."

"మొదలే చెప్తే వాడు వస్తడా? వాడు రాకుంటే పదిమంది అయితరా? పదిమంది కాకుంటే నన్నెందుకు పెట్టుకుంటరు?"

"వాడు పని ఇడిసిపెట్టిండయ్యా."

"ఇడిసిపెట్టమని నేనన్ననా?"

"వద్దని అన్నవా?"

ఎదురుంగ లారీ వచ్చింది. పక్కకు తీసుకొని, మళ్ళ రోడ్డెక్కినంక అన్నడు. "ఎవనికన్న దెబ్బ తాకి పడిపోతే వీనికే చాన్సు. అట్ల అయ్యేది ఉంటది. నీకు ఆట తెల్వది శాంతా." మా బామ్మర్ది అనలే, ఎలీషా అనలే. వీనికి అన్నడు.

ఇంటికి వచ్చినంక నేను ఊకోలే. ఎలీషా వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, మా ఆయన ముందటనే చెప్పిన. పెద్ద సారు ఏమన్నడో మాటకు మాట చెప్పిన. వాడు చెంబు పట్టుకొని బావ దిక్కు చూసిండు.

మా ఆయన నవ్విండు. "ఆ కేరళాయన హిందీ మీ అక్క వినుడు, మీ అక్క మాట నువ్వు వినుడు" అన్నడు. "ఆయన అన్నది శంకర్‌పల్లి పొడుగోని గురించి. మీ అక్క కూర పలచగైందన్న ఫికర్ల సగమే విన్నది."

ఎలీషా సుత నవ్విండు. మెల్లగ, నా మనసు నొవ్వొద్దన్నట్టు నవ్విండు.

"పోయి పెద్ద సార్నే అడుగు" అన్న నేను.

"అడిగితే బావ మీద అనుమానపడ్డట్టు గాదా అక్కా? అందరి ముందట సాక్ష్యం చెప్పినంక ఇంక అడుగుడేంది? విశ్వాసం ఉన్నోడు అడుగుతడా?"

వాని మాటల తప్పు పట్టెతందుకు లేదు. అట్లనే నేర్పినం వానికి. నేను మా ఆయన దిక్కు చూసిన. ఆయన వార్తపేపరు అడ్డం పెట్టుకున్నడు. ఇన్నేండ్ల సంసారంల ఆయన నన్ను కొట్టలే, తిట్టలే. ఆ దినం నా తమ్ముని ముందట నన్ను అబద్ధాలదాన్ని చేసిండు, అది సుత నవ్వుకుంట.

రైల్వే ఆటగాళ్ళు, బ్యాంకు ఆటగాళ్ళు దిగిన్రు. ఎలీషా ఇంక పోతనే ఉన్నడు. టీము మొదటి ఆటకు బయలెల్లే దినం, మొయినాబాద్ చౌరస్తాల బస్సు ఎక్కిచ్చుకుంటమని చెప్పిన్రట. విజయరాణి వానికి అంగీలు ఇస్త్రీ చేసి సంచి సర్దింది. నేను పోలే. చూసినోళ్ళు తర్వాత చెప్పిన్రు. బస్సు ఆగింది, మా ఆయన ముందల సీటుల కూసోని ఉన్నడు. దిగిండు, ఎలీషాను టీ హోటల్ పక్కకు తీస్కపోయి మాట్లాడిండు, మళ్ళ ఎక్కిండు. బస్సు పోయింది.

ఏం మాట్లాడిండో ఎలీషా మా వంటింట్ల కూసోని చెప్పిండు. "పైనోళ్ళు ఆఖరికి చెయ్యిచ్చిన్రక్కా. ఓనరు మాట తప్పిండట. బావ నా కోసం రాత్రంత కొట్లాడిండట. నన్ను తీసుకోకుంటే తను సుత రానన్నడట, నేనే పొమ్మన్న." ఏడుస్తుండె. అంత పొడుగు మనిషి గోడకు ఒరిగి కూసోని ఏడుస్తుంటే కాళ్ళు పొయ్యి దాక వచ్చినయి. నిజం మళ్ళొకసారి చెప్పిన. "ఇప్పుడు సుత బావనే అంటవా?" అన్నడు, లేచి పోయిండు. చానా దినాలు మా ఇంట్ల నీళ్ళు సుత ముట్టలే. నేనున్నందుకు రాలే గని, బావ ఉన్నందుకు గాదు. ఆయన ఊర్లకు వచ్చినప్పుడు బయట కలిసి టీ తాగేది.

ఫ్యాక్టరీల మళ్ళ అడిగితే కాంట్రాక్టరు కింద తీసుకున్నరు. పర్మినెంటు మాట మళ్ళ లేదు. బిడ్డ పుట్టింది. ఆ టీము ఇంకొక ఏడు ఆడి మూతపడ్డది, కోర్టు మీద ఇప్పుడు పెండ్లిళ్ళకు వంటలు చేస్తున్నరట. మా ఆయన మళ్ళ బడికే వచ్చిండు.

ఒక్కసారి అడిగిన, రిటైరైనంక. "ఇప్పుడన్న వానికి చెప్పు" అన్న. వెల్లుల్లిగడ్డ ఒలుస్తుండె, నాకు సాయం చేస్తుండె. ఆ పని నేను చెప్పకుంటనే చేసేటోడు.

"చెప్తే ఏమొస్తది? ఇప్పుడు బావా అంటున్నడు. అది సుత పోతది."

"నన్ను అక్కా అనుడు సగం పోయింది గద, నీ వల్ల."

"నువ్వు తోడపుట్టినదానివి. నిన్ను ఇడిసి యాడికి పోతడు?" అన్నడు. అని, పొట్టు ఊదిండు.

నిరుడు ఆయనకు గుండెల నొప్పి వచ్చింది. ఎలీషానే కారు మాట్లాడి దవాఖానకు తీసుకపోయిండు. మొయినాబాద్ దాటక ముందే, వాని ఒడిల తల పెట్టి పోయిండు. నేను ముందట సీటుల ఉన్న. నాకు ఇంక ఆయన లేని ఇల్లు అలవాటు కాలే. వెల్లుల్లి ఒల్వబుద్ధి కాదు. కోపం ఉన్నది గని, కోపగించుకునెతందుకు మనిషి కావాలె అనిపిస్తది.

మొన్న, ఆయన పోయి ఏడాదైందని కూటం చేసినం. అయ్యగారు ఆయన జీవిత చరిత్ర చదివిన్రు. మంచిగ రాసిన్రు, అండ్ల అబద్ధమేం లేదు, ఇది లేదు అంతే. అటెన్క ఎలీషా లేచిండు. తల నెరిసింది వానికి. "మా బావ నా కోసం ఓనరుతోని కొట్లాడినోడు. తన కొలువు పోయినా సరే అని నిలబడ్డోడు" అన్నడు. సంఘమంత ఆమెన్ అన్నది. నేను ముందటి బెంచీల కూసున్న. కొంగు సర్దుకున్న.

అందరు పోయినంక నా దగ్గరికి వచ్చిండు. సమాధికి షాబాదు బండ చెక్కిస్తనన్నడు, ఖర్చు తనదే అన్నడు.

"ఏం రాయిద్దామక్కా?"

"పేరు రాయించు. పుట్టింది, పోయింది రాయించు."

"అంతేనా?"

"అంతే."

"ఇంక పోలేదా అక్కా నీకు ఆ కోపం? ఆయన లేడు గద. నువ్వు తప్పు విన్ననని ఒక్కసారి ఒప్పుకో, నీకే నిమ్మలమైతది."

"నేను విన్నదే చెప్పిన. ఇయ్యాల అడిగినా అదే చెప్త."

వాడు నన్ను చిన్న పిల్లను చూసినట్టు చూసిండు. టెంటోళ్ళు కుర్చీలు ఎత్తుతుంటే వాళ్ళకు సాయం పోయిండు.

బండ మీద వానికి నచ్చిందే చెక్కిచ్చిండు. పేరు కింద, ఎవరి చెయ్యీ విడువనివాడు అని. అక్షరాలు మంచిగ వచ్చినయి, పొద్దుగాల ఎండకు మెరుస్తయి. ఆదివారం ఆరాధన అయినంక నేను అటు పోయి, రాత లేని దిక్కు నిలబడి ప్రార్థన చేసుకొని వస్త.